పచ్చి ఇటుక మీద సిమెంటు

“ఆ ఫోనిటివ్వు.”

“ఇవ్వను. మళ్లీ దాన్నే చూసుకుంటా కూర్చుంటావు.”

“ఒక్కసారి చూసి ఇచ్చేస్తాలేవే.”

“లేచాక చూద్దువుగాని. ముందు కాసేపు నడుం వాల్చు.”

నేనూ మా ఆయనా ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలు ఇవి. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ఫోను కొంగున ముడేసుకుని వంటింట్లోకి పోయాను. మూడింటికి టీ పెట్టి లేపబోతే లేవలేదు. అంబులెన్సు వచ్చింది, వచ్చినవాళ్లు చేయాల్సింది చేశారు, నిద్రలోనే గుండె ఆగిందన్నారు. పోయిన మనిషి చివరి మాట దేవుడి గురించో మనవల గురించో అయితే నలుగురికీ చెప్పుకోవడానికి బాగుంటుంది. మా ఆయనది ఫోను గురించి. నాది, ఇవ్వనని.

నేనుండేది అరిజోనాలో, చాండ్లర్ అనే ఊళ్లో, మా అమ్మాయి ఇంట్లో. మా చర్చివాళ్లు పెరూ దేశంలో కొండల మీద కట్టిన మందిరం గురించి ఒక పుస్తకం వేస్తున్నారు. మా ఆయన ఆ పనికి వెళ్లినవాడు కాబట్టి ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమని నన్నడిగారు. నాకు చదువు రాదు. సంతకం పెట్టగలను, బస్సు మీద అంకె పోల్చగలను, అంతవరకే. అందుకని నేను చెప్తుంటే మా అమ్మాయి నోటుబుక్కులో రాస్తోంది. నాలుగు మాటలన్నారు గానీ ఇది నాలుగు మాటలతో తెమిలేది కాదు.

మా ఆయన తాపీమేస్త్రి. నేను ఆయన దగ్గర మాలు కలిపి తట్ట మోసిన మనిషిని. ఇసకా సిమెంటూ కలిపి ఇటుకకీ ఇటుకకీ మధ్య వేసే ముద్దని మేము మాలు అంటాం. గుంటూరు చుట్టుపక్కల ముప్పై ఏళ్లు ఇద్దరికీ అదే పని. ఆయన పైన నిలబడి గొంతు సవరించుకుంటే చాలు, నీళ్లు ఎక్కువయ్యాయో ఇసక ఎక్కువయిందో నాకు తెలిసేది. బడి గదులు కట్టాం, పంచాయతీ ఆఫీసు కట్టాం, కల్యాణమండపం కట్టాం. అన్నిటికీ పేర్లు చెక్కిన రాళ్లు పెట్టారు. ఆ రాళ్ల మీద ఎమ్మెల్యే పేరుంటుంది, కాంట్రాక్టరు పేరుంటుంది, డబ్బిచ్చినాయన తండ్రి పేరుంటుంది. ప్రారంభోత్సవం నాటికి మేము ఇంకో ఊళ్లో ఇంకో పునాదిలో ఉండేవాళ్లం. ఆయనకి దాని మీద కోపం లేదు. నాకుండేది.

అమ్మాయి నర్సు చదివి, ఇక్కడ ఉద్యోగంలో కుదురుకుని, సిటిజన్ అయ్యాక మా ఇద్దరినీ పిలిపించుకుంది. ఇక్కడికొచ్చాక ఆయన చేతులకి పని లేకపోయింది. మా వీధి చివర కొత్త ఇళ్లు కడుతుంటే ఎండ ముదరకముందే నడుచుకుంటూ వెళ్లి చూసొచ్చేవాడు.

“కర్రలు నిలబెట్టి మేకులు కొడుతున్నారే. పైన కాగితం చుడుతున్నారు. అది ఇల్లా, గాలిపటమా?”

“నీకెందుకయ్యా, ఉండేది వాళ్లేగా.”

“మనం ఉండేదీ అలాంటిదేనే, పిచ్చిదానా.”

అని మా పడగ్గది గోడని వేలితో తట్టి వినిపించేవాడు. డొల్ల శబ్దం వచ్చేది. ఆ రోజు నుంచి ఈ ఇంటి గోడకి నేను వీపు ఆనించి కూర్చోలేదు.

మా తెలుగువాళ్ల చర్చి ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికావాళ్ల మందిరంలో జరుగుతుంది. పొద్దున వాళ్ల ఆరాధన, మధ్యాహ్నం మాది. వాళ్లు ఏటా జూన్‌లో పెరూ కొండల్లోకి ఒక గుంపుని తీసుకెళ్లి పల్లెల్లో మందిరాలు కట్టి వస్తారు. పోయిన ఏడాదికి ముందేడు మావాళ్లనీ రమ్మన్నారు. మా తరఫున గుంపుని నడిపించే బ్రదర్ కంప్యూటర్ చిప్పులు చేసే కంపెనీలో ఇంజినీరు. గోడ కట్టడం ఆయనకి రాదు. గోడ కట్టడం గురించి మటుకు బాగా మాట్లాడతాడు. “మనలో మేస్త్రిపని తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని స్టేజీ మీంచి అడిగితే, ఆ ఏసీ హాల్లో అందరి కంపెనీ చొక్కాల మధ్య మా ఆయన చెయ్యి ఒక్కటే లేచింది.

నాకు అప్పుడే అనుమానం. ఎవరి సొంత ఖర్చుతో వాళ్లు విమానమెక్కి, సెలవు పెట్టుకుని, ముక్కూమొహం తెలియని ఊళ్లో ఇటుకలు మోయడం ఎక్కడైనా ఉందా? ఇటుక మోసేవాడికి ఇటుక మోయడం సరదా కాదు. వీళ్లకి సరదా ఎందుకైందో నాకు అంతుబట్టలేదు. ఆ ఊళ్లో చేతులున్న మనుషులు లేరా అనడిగితే, “ఉన్నారమ్మా, వాళ్లతో కలిసి కడతాం. దాన్ని సేవ అంటారు” అంది మా అమ్మాయి. ఆమె కూడా వెళ్లింది. గుంపులో ఎవరికైనా ఒళ్లు బాగాలేకపోతే చూడటానికి నర్సు కావాలన్నారు. నేను ఇద్దరు మనవలతో ఇంట్లో ఉండిపోయాను.

రెండు వారాలకి ఆయన ముక్కు మీద చర్మం ఊడిపోయి, పదేళ్లు చిన్నవాడై వచ్చాడు. అక్కడ నాలుగడుగులేస్తే ఊపిరి అందదట. ఎన్ని రంగుల బంగాళాదుంపలో చెప్పలేమట. ఆ ఊరివాళ్లు పచ్చి ఇటుకలతో కడతారట. కాల్చరు, మట్టిలో గడ్డి కలిపి అచ్చులో పోసి ఎండలో ఆరబెడతారు. ఆ మట్టిని కలిపే ఆవిడ ఒకామె ఉందట, భర్త పోయినామె, గుండ్రటి టోపీ పెట్టుకుంటుందట.

“ఆవిడ మట్టి తొక్కుతుంటే చూడాలే. గంటసేపు ఆగదు. నువ్వు కూడా అంత బాగా కలిపేదానివి కాదు.”

ముప్పై ఏళ్లు నా చేతి మాలుతో కట్టిన మనిషి ఆ మాటన్నాడు. నేను వినీ విననట్టు నా పని చూసుకున్నాను. కానీ ఆ టోపీ నా తలలో ఉండిపోయింది.

తర్వాత ఏడెనిమిది నెలలు బాగానే ఉన్నాడు. ఫిబ్రవరిలో ఒకరోజు ఫోనులో ఏదో వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన అన్నం తినేటప్పుడూ, బయట కుర్చీలో కూర్చున్నప్పుడూ అదే ఫోను. రెండు వేళ్లతో సాగదీసి సాగదీసి దేన్నో పెద్దది చేసి చూసేవాడు. నేను దగ్గరకొస్తే బోర్లా పెట్టేసేవాడు.

“ఏముందందులో?”

“ఏం లేదు.”

“ఏం లేనిదాన్ని అంతసేపు చూస్తారా?”

“వయసైపోయిందే, అంతా చూడటానికి టైము పడుతుంది.”

నాకు ఆ టోపీ ఆవిడే గుర్తొచ్చింది. డెబ్బై దగ్గరపడ్డ మనిషి మీద అనుమానమేంటని మీరు నవ్వుకోవచ్చు. ఆయన నా దగ్గర ఏదీ దాచి ఎరగడు. మొదటిసారి దాస్తున్నాడు, అదీ చేతకాక దొరికిపోతూ దాస్తున్నాడు. ఆ కోపంతోనే ఆ మధ్యాహ్నం ఫోను లాక్కున్నాను.

సమాధి పనులన్నీ అయ్యాక ఆ ఫోను అమ్మాయికిచ్చి, ఇందులో ఏముందో చూసి చెప్పమన్నాను. తన గదిలోకి తీసుకెళ్లింది. చాలాసేపటికి బయటకొచ్చింది.

“ఏం లేదమ్మా. చర్చి గ్రూపు మెసేజ్‌లు, మనవల ఫొటోలు. పనికిరానివి క్లీన్ చేసేశాను.”

“క్లీన్ చేయమని నేను చెప్పానా?”

“స్పేస్ నిండిపోయిందమ్మా.”

ఆమె నా కళ్లలోకి చూడలేదు. పేషెంటు ఇంటివాళ్లకి ఏదో చెప్పకుండా ఉండాల్సొచ్చినప్పుడు నర్సులు ఎలా నిలబడతారో అలా నిలబడింది. తండ్రి గుట్టు కాపాడుతోందని నాకు ఖాయమైపోయింది.

మే నెలలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తెర దించి ఫొటోలు చూపించారు. జూన్‌లో మళ్లీ వెళ్తున్నారు, మందిరానికి పైకప్పు వేసి ప్రతిష్ఠ చేస్తారు. మొదటి ఫొటోలో మా ఆయన గోడ పక్కన నిలబడి ఉన్నాడు, చేతిలో తాపీ, మొహమంతా నవ్వు. హాల్లో అందరూ తిరిగి నా వంక చూశారు. తర్వాత ఫొటోలో మనిషి లేడు, గోడ ఒక్కటే, ఇంకా ఎత్తుగా. బ్రదర్ మైకులో, “మన అంకుల్ ప్రభువు కోసం కట్టిన ఈ గోడకి ఆయన పేరు చెక్కిన నల్లరాయి పెడుతున్నాం” అన్నాడు. చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు. మా ఆయన పేరు ఒక గోడకెక్కడం చూడాలని ముప్పై ఏళ్లు అనుకున్న నాకు ఏడుపు రాలేదు. నేను ఇటుకల మధ్య చూస్తున్నాను.

కాఫీల దగ్గర బ్రదర్‌ని ఆపాను.

“ఆ రెండు ఫొటోలూ ఒకే గోడా బాబూ?”

“ఒకటే ఆంటీ. అంకుల్ కట్టిందే.”

“మరి గీతలేవి?”

“ఏ గీతలు ఆంటీ?”

“సిమెంటు గీతలు. మొదటి దాంట్లో ఇటుకల మధ్య బూడిదరంగు గీతలున్నాయి. రెండో దాంట్లో అంతా మట్టిరంగే.”

“అది లైటింగ్ ఆంటీ. ఒకటి పొద్దున తీసింది, ఇంకోటి సాయంత్రం తీసింది. ఫోన్ కెమెరాలు కలర్ మార్చేస్తాయి.”

“మా ఆయన చొక్కా తెల్లగానే ఉందిగా.”

బ్రదర్ నవ్వి మా అమ్మాయి వంక చూశాడు. మా అమ్మాయి నా మోచేయి పట్టుకుని, “పద అమ్మా, పిల్లలకి లేటవుతోంది” అంది. వాళ్లిద్దరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారని నాకు అప్పుడర్థమైంది. ఆ టోపీ ఆవిడ నా తలలోంచి దిగిపోయింది, దాని బదులు ఇంకా పెద్ద అనుమానం ఎక్కి కూర్చుంది. మా ఆయన గోడ పడగొట్టారు. నిక్షేపంలాంటి గోడని పడగొట్టి వేరేవాళ్లతో కట్టించారు. ఎందుకు? ఇంజినీర్ల మధ్య బొబ్బల చేతులవాడని. మా పేట సంగతి ఎవరో చెప్పి ఉంటారని. ఇక్కడ అందరం బ్రదర్లమే సిస్టర్లమే, కానీ పెళ్లి సంబంధం మాటొచ్చేసరికి మీదే ఊరు, ఊళ్లో ఏ వైపు అని అడగనివాళ్లని నేను చూడలేదు. బతికుండగా పని పనికిరాదన్నారు, చచ్చాక రాయి పెడుతున్నారు అనుకున్నాను.

నేనూ వస్తానన్నాను. ఇంట్లో పెద్ద గొడవైంది.

“నీకు బీపీ ఉంది, షుగరుంది. అది కొండమ్మా. ఆక్సిజన్ తక్కువ.”

“ఊపిరాడకపోతే నువ్వు నర్సువేగా.”

“అక్కడ నువ్వేం చేస్తావమ్మా?”

“గోడ చూస్తాను.”

ఆ మాటకి మా అమ్మాయి మొహంలో రక్తం లేదు. అది చూశాక నన్నాపడం ఎవరి వల్లా కాలేదు. నల్లరాయిని బ్రదర్ తువ్వాళ్లలో చుట్టి తన పెట్టెలో పెట్టుకున్నాడు.

ప్రయాణం గురించి చెప్పను. రెండు విమానాలు, ఒక బస్సు, తర్వాత ఒక లారీలాంటిది. ఊళ్లో దిగేసరికి నా తల మీద ఎవరో తడి ఇసక తట్ట పెట్టినట్టుంది. ఏదో ఆకు వేసిన వేడినీళ్లు ఇచ్చారు. అందరూ తాగాక, వాళ్లు బాగానే ఉన్నారని చూసి తాగాను.

ఆ టోపీ ఆవిడ ఎదురొచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని తిరగేసి చూసింది. చేతులు చూస్తోందో ఉంగరం చూస్తోందో అనుకుని వెనక్కి లాక్కున్నాను. ఆవిడ ఏదో అంది. ఆవిడది ఆ కొండ భాష. అది ఆ ఊరి కుర్రవాళ్లు స్పానిష్‌లో చెప్తే, మా గుంపులో ఒక అమెరికా అమ్మాయి ఇంగ్లీషులో చెప్తే, మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పాలి. మాట మూడు నోళ్లు మారి నా చెవికొచ్చేది. ఎవరు ఏం కలిపారో, ఏం తీసేశారో ఎలా నమ్మడం?

మొదటి రోజే గోడ దగ్గరికి వెళ్లాను. వేలు పెట్టి ఇటుకల మధ్య గీరాను. మట్టి. అన్ని వరసలూ మట్టే. ఇటుకకీ ఇటుకకీ మధ్య తాపీ మొనతో ఒక సన్నటి గాడి గీయడం మా ఆయన అలవాటు, ఆయన సంతకం అనుకోండి. అదెక్కడా లేదు. నాలుగు మూలలూ వెతికాను. గోడ మటుకు నిటారుగా ఉంది, మంచి గోడ. మా ఆయనది కాదు.

“ఏది మా ఆయన గోడ?”

“ఇదే కదా ఆంటీ.”

“నేను కళ్లు మూసుకుని తడిమినా చెప్తాను బాబూ, ఇది కాదు.”

“రెస్ట్ తీసుకోండి ఆంటీ. ఆల్టిట్యూడ్‌కి కొంచెం కన్‌ఫ్యూజన్ ఉంటుంది.”

రెండు రోజులు ఎవరినడిగినా ఇదే వరస. ఊరివాళ్లని అడుగుదామంటే నా మాట దాటాల్సింది మా అమ్మాయి నోరే. మూడో రోజు నేను సైగలు మొదలుపెట్టాను. ఫోనులో మా ఆయన ఫొటో చూపించి, గోడ చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాను. టోపీ ఆవిడ నన్ను కాసేపు చూసింది. తర్వాత నా మణికట్టు పట్టుకుని మందిరం వెనక్కి, గొర్రెల దొడ్డి దగ్గరికి తీసుకెళ్లింది. మా అమ్మాయి వద్దన్నట్టు ఏదో అంటూ వెనకాలే వచ్చింది. ఆవిడకి తెలుగు రాదు, ఆగలేదు.

దొడ్డి గోడకి ఆనించి పెచ్చులు పేర్చి ఉన్నాయి. బూడిదరంగు సిమెంటు పెచ్చులు, కొన్ని నా చేయంత పొడవు. ఒకటి తీశాను. గాడి ఉంది. మా ఆయన తాపీ గీసిన గాడి. తిరగేశాను. వెనక అంటుకునున్న ఇటుక నా బొటనవేలి కింద బియ్యప్పిండిలా రాలిపోయింది. ఇంకోటి తీశాను, అదీ అంతే. సిమెంటు ఇనుములా ఉంది, దాని వెనక ఇటుక లేదు, పొడి ఉంది.

ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ముప్పై ఏళ్లు మాలు కలిపిన దాన్ని. పచ్చి ఇటుక వానకి తడిసి ఉబ్బుతుంది, ఎండకి ఆరి ముడుచుకుంటుంది. మట్టి మాలు దానితో పాటు కదులుతుంది. సిమెంటు కదలదు. పైగా లోపలికి దిగిన నీళ్లని బయటికి పోనివ్వదు. ఆ నీళ్లు లోపలే ఉండి ఇటుకని తినేశాయి. కింద వరసల్లో గోడ మీద పూసే గిలాబా కూడా సిమెంటుతోనే చేసినట్టున్నాడు. మొదటి వానాకాలానికే గోడ అడుగున కూలింది. ఎవరూ పడగొట్టలేదు. కాల్చిన ఇటుకతో తప్ప కట్టి ఎరగని మేస్త్రి, పచ్చి ఇటుకకి సిమెంటు పెట్టాడు. తప్పు మా ఆయనదే.

అక్కడే ఒక రాయి మీద కూర్చున్నాను. మా అమ్మాయి నా నాడి పట్టుకుని చూస్తూ అప్పుడు చెప్పింది.

“ఫిబ్రవరిలో కూలిన ఫొటో ఎవరో పొరపాటున గ్రూపులో పెట్టారమ్మా. బ్రదర్ వెంటనే డిలీట్ చేశారు గానీ నాన్న అప్పటికే దాచుకున్నాడు. ఏ వరస ముందు పోయిందో చూస్తున్నాడు, రోజూ అదే. జూన్‌లో తనే వచ్చి మళ్లీ కడతానని నాచేత బ్రదర్‌కి మెసేజ్ పెట్టించాడు. ఈలోపే...”

“ఈలోపు వీళ్లు కట్టేసుకున్నారు.”

“వాన తగ్గగానే ఊరివాళ్లు మట్టితో కట్టారు. బ్రదర్ తప్పు లేదమ్మా. నాన్న పేరు పోకూడదనే ఎవరికీ చెప్పలేదు. ఫోనులోది నేనే తీసేశాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నాన్న చెప్పొద్దన్నాడు.”

“ఎవరికీ చెప్పొద్దన్నాడా, నాకు చెప్పొద్దన్నాడా?”

మా అమ్మాయి నా చెయ్యి వదిలేసింది.

“నీకు.”

ఇప్పుడొక మాట చెప్పాలి. ఇంతసేపూ దాని చుట్టూ తిరిగి వచ్చాను. ఆయన మొదటిసారి వెళ్లినప్పుడు, పని మొదలుపెట్టిన రోజున, వీడియోలో మాట్లాడాడు. ఫోను అమ్మాయి పట్టుకుంది. వెనక మట్టి కుప్ప కనపడుతోంది.

“వీళ్లు మట్టితోనే కడదామంటున్నారే. ఏమంటావు?”

“మందిరానికి మట్టేంటయ్యా. మట్టిగోడల్లోంచి బయటపడటానికి మనం ఎంత చాకిరీ చేశాం. సిమెంటు తెప్పించమను.”

“ఇక్కడివాళ్లు వద్దంటున్నారు. వాళ్ల ముసలాయన తల అడ్డంగా ఊపుతున్నాడు.”

“వాళ్లకేం తెలుసు? మేస్త్రివి నువ్వా వాళ్లా? అమెరికా నుంచి వచ్చి మట్టి పూసి పోయాడంటారు. నీ పేరు చెప్పుకోవాలంటే సిమెంటే పెట్టు.”

ఆయన వెనక్కి తిరిగి ఆ మట్టి కుప్పని చూశాడు. తర్వాత “సరేలే” అన్నాడు. బస్తాలు కింద రోడ్డు దగ్గర దింపితే ఊరివాళ్లు వీపుల మీద మోసుకుని పైకి తెచ్చారట. వద్దన్నవాళ్లే మోశారు.

పనిలో నేను ఏదన్నా అంటే ఆయన వినేవాడు. నా చేతి మాలుని నమ్మినట్టే నా మాటనీ నమ్మాడు. గోడ కూలాక, కూల్చింది నా మాటేనని నాకు తెలియకూడదని ఫోను బోర్లా పెట్టాడు. నేనేమో దాని వెనక ఒక టోపీని చూశాను.

ప్రతిష్ఠ రోజు పొద్దున బ్రదర్ తువ్వాళ్లు విప్పి రాయి బయటికి తీశాడు. బంగారు రంగు అక్షరాలు. అవి మా ఆయన పేరేనట, నేను వేలితో తడిమాను.

“పెట్టొద్దు బాబూ.”

“ఆంటీ, ఇది ప్రేమతో చేయించింది.”

“కాదనను. ఇది ఆయన గోడ కాదు.”

“కానీ ఆయన త్యాగం...”

“ఆయన కట్టినవాటి మీద ముప్పై ఏళ్లు వేరేవాళ్ల పేర్లు చూశాను. ఇప్పుడు వేరేవాళ్లు కట్టినదాని మీద ఆయన పేరు పెట్టమంటావా? ఆ ముసలాయనా ఆవిడా రోజూ దాన్ని చూస్తా ప్రార్థనకి రావాలా?”

“వాళ్లకి చెప్పేశాం ఆంటీ, రాయి పెడుతున్నామని. వాళ్లు సంతోషించారు.”

“మూడు నోళ్లు మారిన సంతోషం.”

పక్కన మాతో వచ్చిన మా పాస్టర్‌గారు ఉన్నారు. ఆయన రాయిని మళ్లీ చుట్టమన్నారు. ప్రతిష్ఠ జరిగింది, పాటలు పాడారు, రంగురంగుల దుంపలు తిన్నాం. మిగిలిన మూడు రోజులు నేను టోపీ ఆవిడతో మట్టి తొక్కాను, వంటపాక గోడకి. మా అమ్మాయి నాడి చూస్తానంటే చెయ్యి ఇచ్చేదాన్ని, తొక్కడం ఆపేదాన్ని కాదు. ఆవిడ ఒక ముద్ద తీసి నా అరచేతిలో పెట్టి, పిసికి చూడమని సైగ చేసింది. పిసికాను. గడ్డి సరిగ్గా పడింది, నీళ్లు సరిగ్గా పడ్డాయి. నిజమే, నేనెప్పుడూ అంత బాగా కలపలేదు. తల ఊపితే ఆవిడ నవ్వింది. ఎందుకు నవ్విందో నాకు తెలియదు. సిమెంటు బస్తాలు మోసిన వీపు ఆవిడది కూడా. నేనే తెప్పించానని ఆవిడకి తెలుసేమో.

మేమొచ్చి ఏడు నెలలైంది. ఆ రాయి చర్చి ఆఫీసులో బీరువా కింద ఉందని మా మనవరాలు చూసి చెప్పింది. పారేయలేదు, నాకూ ఇవ్వలేదు. వచ్చే జూన్‌లో మళ్లీ వెళ్తారట. నేను ఈసారి వెళ్లలేను, గుండె వాపుందని డాక్టరన్నాడు. నేను లేనప్పుడు రాయి పెట్టేసి, ఫొటో తీసి, పుస్తకంలో వేస్తారని నా అనుమానం. మంచి మనసుతోనే చేస్తారు. మంచి మనసుతో చేసేవాళ్లనే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలని నాకు ఆ గొర్రెల దొడ్డి దగ్గర తెలిసింది. నేనూ మంచి మనసుతోనే సిమెంటు పెట్టమన్నాను.

అందుకే నాలుగు మాటలు అడిగితే ఇన్ని చెప్పాను. ఈ పుస్తకం చదివే మీ అందరికీ తెలియాలి. ఆ గోడ ఊరివాళ్లది. మా ఆయన కట్టింది కూలిపోయింది. సిమెంటు వేయమన్నది నేను. ఆ రాయి అక్కడ పెట్టొద్దు.

ఇంతవరకు చెప్పేసరికి మా అమ్మాయి పెన్ను ఆగింది.

“ఏం, ఆపావు?”

“అమ్మా, ఇది నలుగురూ చదువుతారు. నాన్న పేరు పాడవదా?”

“ఆయన తప్పు తెలుసుకుని మళ్లీ కడతానన్నాడు. అలాంటి మేస్త్రి పేరు పాడవదు. పాడయ్యేది నాది, పాడవనీ.”

“నేను ఫోనులోది తీసేశానని కూడా ఉండాలా?”

“ఉండాలి.”

“బ్రదర్ బాధపడతారు.”

“పడతాడు. రాశావా లేదా?”

“రాశాను.”

“నిజంగా?”

“రాశానమ్మా.”

ఆమె రాస్తుంటే చూశాను, గీతలు కనపడుతున్నాయి, అవి నేను చెప్పిన మాటలో కావో నాకెలా తెలుస్తుంది. ఒకసారి ఫోను చేతికిస్తే క్లీన్ చేసిన పిల్ల. దాని మీద నాకు కోపం లేదు, నమ్మకం ఇంకా పూర్తిగా రాలేదు, అంతే. కళ్లజోడు తుడుచుకోమ్మా, నీళ్లు తాగు. తాగావా? ఇప్పుడు మొదటి నుంచి చదువు. నేను కళ్లు మూసుకుని వింటాను, నిద్రపోయానని మటుకు అనుకోమాక. మెల్లగా, ఏదీ దాటవేయకుండా, నాకు వినపడేట్టు చదువు.